విడుదలైన ఖైదీల పర్యవేక్షణ, పునరావాసం: చట్టం ఎలా మారాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

జైలు నుంచి బయటికొచ్చిన వాళ్ల గురించి చట్టం ఏం చెప్పాలన్న చర్చ ఎక్కడ మొదలైనా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఖైదీల కుటుంబాలు, బాధితుల తరఫువాళ్లు, లా చదివే విద్యార్థులు అడిగేవాటిలో చాలా వరకు కలుస్తాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. నేను ఏదో ఒక వైపు నిలబడిన చోట ఆ సంగతి దాచలేదు.

## మొదటి సందేహాలు

శిక్ష అనుభవించేశాడు కదా, బయటికొచ్చాక కూడా ఈ పర్యవేక్షణ ఎందుకు?

చాలా దేశాల్లో శిక్షలో కొంత భాగం జైల్లో, మిగతాది బయట షరతుల మీద గడుస్తుంది. అంటే గేటు దాటిన రోజుకు శిక్ష ముగిసినట్టు కాదు. దీనికి రెండు కారణాలు చెబుతారు. ఒకటి, ప్రజల భద్రత. రెండు, ఏళ్ల తరబడి ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో కూడా వేరేవాళ్లు నిర్ణయించిన మనిషి ఒక్క రోజులో అన్నీ సొంతంగా చూసుకోలేడు కాబట్టి అతనికి ఆసరా ఉండాలి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. ఇల్లు, పని, నలుగురు మనుషులు ఉన్నవాడు మళ్లీ నేరం వైపు వెళ్లే అవకాశం తగ్గుతుంది, దాంతో భద్రతా పెరుగుతుంది. చాలా చట్టాల్లో మాత్రం మొదటి కారణానికి పేజీలకు పేజీలు, రెండోదానికి ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. మారాల్సింది అదే.

శిక్ష మొత్తం లోపలే పూర్తిచేసిన వ్యక్తి మీద అదనంగా పర్యవేక్షణ పెట్టడం వేరే సంగతి. దానికి బలమైన కారణం, కోర్టు ఉత్తర్వు, స్పష్టమైన గడువు మూడూ ఉండాలి.

పెరోల్, ప్రొబేషన్, రెమిషన్ అన్నీ ఒకటేనా?

కావు. ప్రొబేషన్ అంటే జైలుకు పంపే బదులు మంచి నడవడిక షరతు మీద బయటే ఉంచడం. పెరోల్ అంటే చాలా దేశాల్లో శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల చేయడం. భారతదేశంలో పెరోల్, ఫర్లో అంటే కొద్ది రోజుల సెలవు, అది అయిపోగానే మళ్లీ జైలుకు వెళ్లాలి. రెమిషన్ అంటే శిక్షాకాలాన్ని తగ్గించడం. వేరే దేశపు వార్త చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోకపోతే చర్చ దారి తప్పుతుంది.

ఇది ఈమధ్య వచ్చిన ఆలోచనా?

కాదు, దాదాపు రెండు శతాబ్దాల నాటిది. 1840లో ఆస్ట్రేలియా దగ్గరి నార్‌ఫోక్ దీవి జైలు బాధ్యత తీసుకున్న అలెగ్జాండర్ మకానకీ, ఖైదీలు పనితో, నడవడికతో మార్కులు సంపాదించుకుని విడుదలకు దగ్గరయ్యే పద్ధతి పెట్టాడు. 1850లలో వాల్టర్ క్రాఫ్టన్ దాన్ని ఐర్లండ్‌లో ముందుకు తీసుకెళ్లి, విడుదలయ్యాక పర్యవేక్షణను జోడించాడు. 1841లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన, తాగుడు కేసులో ఉన్న ఒకతనికి కోర్టులో తానే పూచీ పడ్డాడు. 1859లో చనిపోయేలోపు దాదాపు రెండు వేల మందికి అలా అండగా నిలిచాడు. జపాన్‌లో, విడుదలై ఇంటికెళ్తే ఎవరూ చేర్చుకోక ప్రాణం తీసుకున్న ఒక మాజీ ఖైదీ సంగతి తెలిసి కదిలిపోయిన కిన్‌పరా మేజెన్ 1888లో షిజువోకాలో ఆశ్రయ సంస్థ పెట్టించాడు.

1907 నాటి బ్రిటన్ ప్రొబేషన్ చట్టం అధికారి పనిని మూడు మాటల్లో చెప్పింది: సలహా ఇవ్వడం, సాయం చేయడం, స్నేహంగా ఉండడం. ఇప్పటి ముసాయిదాల్లో ఆ మూడో మాట కనబడితే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు.

## విడుదలకు ముందు

విడుదల ఏర్పాట్లు ఎప్పుడు మొదలుపెట్టాలి? చివరి నెలలో చూసుకుంటే చాలదా?

చాలదు. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాలను 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించింది. వాటిలో 107వది, శిక్ష మొదలైన రోజు నుంచే ఖైదీ భవిష్యత్తు గురించి ఆలోచించాలని చెబుతుంది. ఇందులో ఆచరణకు సంబంధించిన కారణం ఉంది. చేతిపని నేర్చుకోవడానికి, మత్తు అలవాటుకు చికిత్స పూర్తవడానికి, తెగిపోయిన బంధుత్వాలు అతకడానికి నెలలు, ఏళ్లు పడతాయి. చివరి నెలలో జరిగేది సంతకాలే. చట్టంలో "విడుదల ప్రణాళిక రూపొందించాలి" అని మాత్రమే ఉంటే చివరి వారంలో ఒక ఫారం నింపి చేతులు దులుపుకుంటారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు రాయాలి, ఎన్ని నెలలకోసారి సరిచూడాలి అన్నవి చట్టంలోనే ఉండాలి.

గుర్తింపు కార్డుల గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకు? అది చిన్న విషయం కదా?

బయట ఉన్నవాళ్లకే చిన్న విషయం. గుర్తింపు పత్రం లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, ఫోన్ కనెక్షన్ లేదు, అద్దె ఇల్లు లేదు, జీతం ఇచ్చే పని లేదు. అరెస్టు సమయంలో తీసుకున్న కాగితాలు ఏ ఆఫీసులో ఉన్నాయో తెలియక, వాటి కోసం తిరగడంలోనే వారాలు గడిచిపోతాయి. ఆ వారాల్లోనే పర్యవేక్షణ అధికారి "పని దొరికిందా?" అని అడుగుతుంటాడు.

మండేలా నియమాల్లో 108వది ఈ సంగతిని సూటిగా చెప్పింది. విడుదలైన వారికి తగిన పత్రాలు, ఉండడానికి చోటు, పని, వాతావరణానికి సరిపడే బట్టలు, గమ్యం చేరడానికీ మొదటి రోజులు గడవడానికీ డబ్బు ఉండేలా చూడాలంది. దేశంలోని చట్టం దీన్ని ఖైదీ హక్కుగా రాయాలని నా అభిప్రాయం. "వీలైనంతవరకు ప్రయత్నించాలి" అని రాస్తే ఎవరూ ప్రయత్నించరు. "పత్రాలు చేతికి ఇవ్వకుండా విడుదల చేస్తే జైలు సూపరింటెండెంట్ లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి" అని రాస్తే పని జరుగుతుంది.

శుక్రవారం విడుదల చేయొద్దని ఎందుకంటారు?

శుక్రవారం మధ్యాహ్నం గేటు బయట నిలబడ్డ మనిషికి హౌసింగ్ ఆఫీసు, మందుల క్లినిక్, ప్రొబేషన్ ఆఫీసు అన్నీ కొద్ది గంటల్లో మూతపడతాయి. శని, ఆదివారాలు వీధిలోనే గడపాల్సి రావచ్చు. దీన్ని చూసే బ్రిటన్ 2023లో విడుదల రోజుకు సంబంధించి ఒక చిన్న చట్టం చేసింది. శుక్రవారం నాడో సెలవుకు ముందు రోజో విడుదల కావాల్సినవాళ్లలో సాయం ఎక్కువ అవసరమైనవాళ్లను ఒకటి రెండు రోజులు ముందే పంపే వీలు కల్పించింది. పెద్ద ఖర్చు లేదు, పెద్ద వివాదం లేదు. మార్పులన్నీ ఇంత తేలిక కావు, కానీ ఇంత తేలికైనవి ఇంకా మిగిలే ఉన్నాయి.

మళ్లీ నేరం చేస్తాడా లేదా అని స్కోరు వేసే పద్ధతిని నమ్మొచ్చా?

కొంతవరకే. ఇలాంటి అంచనాలు అధికారి సొంత ఊహ కన్నా మెరుగ్గా ఉండొచ్చు. ఎవరికి ఎక్కువ సాయం కావాలో తేల్చుకోవడానికి పనికొస్తాయి. చిక్కు ఏమిటంటే, పాత అరెస్టుల లెక్క ఇందులో పెద్ద పాత్ర పోషిస్తుంది. పోలీసులు ఎక్కువగా తిరిగే పేటల్లో పెరిగినవాడికి అరెస్టులు సహజంగానే ఎక్కువ ఉంటాయి. 2016లో అమెరికాలోని విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, శిక్ష వేసేటప్పుడు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ స్కోరును వాడుకోవచ్చంటూనే, దాని పరిమితుల గురించి న్యాయమూర్తులకు రాతపూర్వకంగా హెచ్చరిక ఉండాలని, స్కోరు ఒక్కటే నిర్ణయానికి ఆధారం కాకూడదని చెప్పింది. లెక్క ఎలా కట్టారో కంపెనీ వ్యాపార రహస్యం కింద దాచుకోవడం మాత్రం ఆగలేదు. కొత్త చట్టంలో, స్కోరు చూసే హక్కు, తప్పుంటే సవాలు చేసే హక్కు ఆ మనిషికి తప్పకుండా ఉండాలి.

## బయటికొచ్చిన మొదటి వారాలు

మొదటి రెండు వారాలు అంత ప్రమాదమా?

అవును, ముందుగా ఆ మనిషి ప్రాణానికే ప్రమాదం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం, మొదటి రెండు వారాల్లో వాళ్ల మరణ ప్రమాదం అదే రాష్ట్రపు మిగతా ప్రజలతో పోలిస్తే 12.7 రెట్లు ఉందని తేల్చింది. ముఖ్య కారణం మత్తు మందుల మోతాదు మించడం. లోపల వాడకం ఆగిపోయాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ఆ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

కాబట్టి డబ్బు, సిబ్బంది పరిమితంగా ఉన్నప్పుడు మొదటి నెల మీదే ఎక్కువ పెట్టాలి. చాలా వ్యవస్థలు పర్యవేక్షణను మూడేళ్లకో ఐదేళ్లకో సమానంగా పంచుతాయి. అప్పుడు కావాల్సిన వారంలో చాలదు, అక్కర్లేని ఏడాదిలో ఎక్కువవుతుంది. విడుదలకు ముందే చికిత్స కేంద్రంలో పేరు నమోదు, చేతిలో కొద్ది వారాల మందులు, మొదటి 48 గంటల్లో ఒక మనిషి వచ్చి కలవడం — నేను చట్టం రాస్తే ముందు ఈ మూడూ రాస్తాను.

ఉండడానికి ఇల్లే లేనివాడు "స్థిర నివాసం" షరతు ఎలా పాటిస్తాడు?

పాటించలేడు. అతన్ని ఆ కారణంతో లోపలే ఉంచేస్తారు, లేదా బయటికి పంపి కొద్ది రోజులకే షరతు తప్పాడని వెనక్కి పిలుస్తారు. పాటించే మార్గం చూపని షరతు పెట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు. నార్వే దీన్ని వేరే కోణంలో చూసింది. ఖైదీకి వైద్యం, చదువు లాంటివి జైలు శాఖ కాకుండా బయటి పౌరులకు అందించే శాఖలే లోపలికి వచ్చి అందిస్తాయి. దాంతో విడుదలైన రోజు కూడా అవే శాఖల బాధ్యత కొనసాగుతుంది. జపాన్‌లో విడుదలైనవారికి తాత్కాలిక ఆశ్రయమిచ్చే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. వాటిని ఎక్కువగా ప్రైవేటు సేవా సంస్థలు నడుపుతాయి, ప్రభుత్వం ఖర్చు భరిస్తుంది. ఏ నమూనా తీసుకున్నా, ఇల్లు చూపే బాధ్యత ఏ శాఖదో చట్టంలో పేరు పెట్టి చెప్పాలి.

కుటుంబం పూచీ ఉంటేనే విడుదల అనడం సబబేనా?

కాదని నా గట్టి నమ్మకం. కుటుంబం తోడుంటే మనిషి నిలబడతాడు, అది నిజం. అయితే పూచీ షరతు పెట్టగానే తల్లి, భార్య కాపలాదారులైపోతారు. అతను ఆలస్యంగా ఇంటికొస్తే ఫోన్ చేసి చెప్పాలా వద్దా అన్న టెన్షన్ వాళ్లది. ఇంట్లో హింస చేసిన చరిత్ర ఉన్నవాడైతే ఈ షరతు నేరుగా ప్రమాదం. కుటుంబమే లేనివాడు చేసిన తప్పేమిటి?

## పర్యవేక్షణ నడుస్తున్నప్పుడు

ఎన్ని షరతులు ఉంటే సరిపోతుంది?

ఎన్ని అన్నదానికన్నా ఎలాంటివి అన్నది ముఖ్యం. ప్రతి షరతుకూ ఆ మనిషి చేసిన నేరంతోనో, అతనికున్న ఇబ్బందితోనో సంబంధం ఉండాలి. మద్యానికీ నేరానికీ ఏ సంబంధమూ లేనివాడికి మద్యం షరతు పెడితే తప్పు చేసే అవకాశం ఒకటి కొత్తగా సృష్టించినట్టే.

షరతు అర్థమయ్యేలా కూడా ఉండాలి. 2024 అక్టోబరులో గుజరాత్‌కు చెందిన ఒక రెమిషన్ కేసులో భారత సుప్రీంకోర్టు, విడుదలయ్యాక రెండేళ్లు మర్యాదగా నడుచుకోవాలన్న షరతును కొట్టేసింది. మర్యాద అంటే ఏమిటో ఎక్కడా లేదు కాబట్టి, ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకోవచ్చని కోర్టు అభిప్రాయం. ప్రతి చిన్న ఉల్లంఘనకూ రెమిషన్ రద్దు చేయకూడదని, రద్దుకు ముందు నోటీసు ఇచ్చి వాదన వినాలని కూడా చెప్పింది. ఏ దేశపు ముసాయిదాకైనా పనికొచ్చే తీర్పు ఇది.

కాపలా ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది కదా?

వినడానికి అలాగే ఉంటుంది. 1980ల చివర్లో అమెరికాలో 14 చోట్ల దీన్ని పరీక్షించారు. లాటరీ పద్ధతిలో కొందరికి మామూలు పర్యవేక్షణ, కొందరికి తీవ్ర పర్యవేక్షణ పెట్టారు. జోన్ పీటర్‌సిలియా, సూసన్ టర్నర్ చేసిన విశ్లేషణలో, తీవ్ర పర్యవేక్షణ వల్ల కొత్త అరెస్టులు తగ్గలేదు. షరతులు తప్పారన్న కేసులు మాత్రం బాగా పెరిగాయి. ఎక్కువ చూస్తే ఎక్కువ కనబడతాయి. కనబడినవాటిలో చాలావరకు ఆలస్యాలు, గైర్హాజర్లు. అదే అధ్యయనంలో పర్యవేక్షణకు చికిత్స, ఉపాధి లాంటివి తోడైన చోట ఫలితం కాస్త మెరుగ్గా కనబడింది.

కెనడా పరిశోధకులు ఆండ్రూస్, బొంటా 1990 నుంచి చెబుతూ వచ్చింది కూడా ఇదే దారిలో ఉంటుంది. ప్రమాదం ఎక్కువున్నవారి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, తక్కువున్నవారిని వీలైనంత వదిలేయాలి. తక్కువ ప్రమాదం ఉన్నవాడిని వారానికి రెండుసార్లు ఆఫీసుకు పిలిస్తే అతని ఉద్యోగం పోతుంది, అక్కడ కొత్త పరిచయాలు మొదలవుతాయి.

ఎంతకాలం ఉండాలి?

వీలైనంత తక్కువ, బాగా నడుచుకుంటే ఇంకా తక్కువ. జైలుకు బదులుగా తీసుకునే చర్యల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి టోక్యో నియమాలు, మనిషి సానుకూలంగా స్పందిస్తే గడువుకు ముందే ముగించే ఏర్పాటు ఉండొచ్చని చెప్పాయి. 2021 నుంచి కాలిఫోర్నియా ప్రొబేషన్‌ను చిన్న నేరాల్లో చాలావాటికి ఒక ఏడాదికి, పెద్ద నేరాల్లో చాలావాటికి రెండేళ్లకు పరిమితం చేసింది. న్యూయార్క్ 2021లో చేసిన చట్టంలో, 30 రోజులు షరతులు పాటిస్తే మరో 30 రోజులు గడువు తగ్గుతుంది. ఈ రెండో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మనిషికి ప్రతి నెలా ఒక ఫలితం కనబడుతుంది.

కాలికి జీపీఎస్ పట్టీ కడితే సరిపోదా?

1983లో అమెరికాలోని న్యూ మెక్సికో న్యాయమూర్తి జాక్ లవ్ ఎలక్ట్రానిక్ పట్టీని (అప్పటికి అందులో జీపీఎస్ లేదు) మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. జైలుకు బదులుగా వాడినప్పుడు ఇది మేలు చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. అర్జెంటీనాలో జరిగిన పరిశోధనలో, జైలుకెళ్లినవాళ్లతో పోలిస్తే పట్టీ మీద ఉన్నవాళ్లు మళ్లీ అరెస్టు కావడం తక్కువ. కానీ ఎలాగూ బయటికి రావాల్సినవాడికి అదనంగా కడితే ఆ లాభం ఉండదు. పట్టీ మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది, ఏం చేస్తున్నాడో చెప్పదు. బాధితురాలి ఇంటి దరిదాపులకు రాకుండా చూడడం లాంటి నిర్దిష్ట అవసరానికి అది పనికొస్తుంది. 2024 జులైలో భారత సుప్రీంకోర్టు ఒక బెయిల్ కేసులో, నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో ఎప్పుడూ లొకేషన్ పంచుకోవాలన్న షరతు వ్యక్తిగత గోప్యతకు విరుద్ధమని కొట్టేసింది. ఎవరికి, ఎన్ని నెలలు, సమాచారం ఎప్పుడు చెరిపేస్తారు అన్నవి చట్టంలో లేకుండా పట్టీ అనుమతించకూడదు.

జీతం లేని వాలంటీర్లతో ఈ పని జరుగుతుందా?

జపాన్‌లో జరుగుతోంది. అక్కడ హొగోషి అనే స్వచ్ఛంద పర్యవేక్షకులు 45 వేలకు పైగా ఉన్నారు. 1950 నాటి చట్టం ప్రకారం వాళ్లకు ఖర్చులే తప్ప జీతం ఉండదు. విడుదలైనవాళ్లను చాలామంది తమ ఇంటికే పిలిచి మాట్లాడతారు. ప్రభుత్వ ఆఫీసులో దొరకని ఆదరణ అక్కడ దొరుకుతుంది. అయితే వాళ్లలో ఎక్కువమంది వయసు పైబడినవారు, కొత్తగా చేరేవాళ్లు తగ్గుతున్నారు. 2024 మేలో షిగా జిల్లా ఒత్సులో ఒక హొగోషి తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆయన పర్యవేక్షణలో ఉన్న వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత వాలంటీర్ల భద్రత, ఇంటికి బదులు ప్రభుత్వ భవనాల్లో కలిసే ఏర్పాటు మీద పెద్ద చర్చ నడిచింది.

కెనడాలో 1994లో ఒంటారియోలోని హామిల్టన్‌లో మొదలైన పద్ధతి ఇంకోటి. తీవ్రమైన లైంగిక నేరం చేసి విడుదలైన వ్యక్తి చుట్టూ కొద్దిమంది వాలంటీర్లు బృందంగా ఏర్పడి, తోడుగా ఉంటూనే నిలదీస్తూ ఉంటారు. పనిని ఒక్కరి మీద పెట్టకుండా బృందానికి ఇవ్వడం, వెనక శిక్షణ పొందిన ఉద్యోగి ఉండడం — ఈ రెండూ ఉంటే వాలంటీర్లు గొప్ప బలం. ఉద్యోగులను తగ్గించుకోవడానికి వాలంటీర్లను వాడితే అది అన్యాయం.

మరి బాధితుల సంగతేంటి? అందరూ ఖైదీ గురించే మాట్లాడతారు.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. బాధితులకు కనీసం రెండు కావాలి: విడుదల తేదీ ముందుగా తెలియడం, తమ ఇంటికీ పనిచోటుకీ అతను రాకుండా షరతు కోరే అవకాశం. తెలియకుండా వీధిలో ఎదురుపడడం ఎంత భయంకరమో ఊహించుకోండి. జపాన్‌లో 2023 డిసెంబరు నుంచి, బాధితులు కోరితే వాళ్ల బాధను విని, జైల్లో ఉన్న వ్యక్తికి అధికారికంగా తెలియజేసే ఏర్పాటు మొదలైంది. వద్దనుకునేవాళ్లను బలవంతంగా ఇందులోకి లాగకూడదు.

## షరతు తప్పితే

ఒక్క అపాయింట్‌మెంట్‌కు రాకపోతే మళ్లీ జైలేనా?

కొన్ని చోట్ల అవును. బ్రిటన్ 2014 చట్టం దీనికి బాధ కలిగించే ఉదాహరణ. అంతకుముందు ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదిలోపు శిక్ష పడిన పెద్దవాళ్లకు విడుదలయ్యాక చట్టప్రకారం పర్యవేక్షణా, దాంతో వచ్చే సాయమూ ఉండేవి కావు. ఆ లోటు తీర్చాలని, 2015 ఫిబ్రవరి నుంచి వాళ్లకూ కనీసం 12 నెలల పర్యవేక్షణ పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ కొద్ది వారాల శిక్ష పడినవాడు కూడా ఏడాది పాటు షరతుల కింద ఉండాల్సి వచ్చింది. సాయం తగినంత రాలేదు, షరతులు మాత్రం వచ్చాయి. ఇల్లు లేనివాళ్లు, మత్తుకు బానిసలైనవాళ్లు అపాయింట్‌మెంట్లు తప్పి మళ్లీ జైలుకు వెళ్లడం పెరిగింది.

టోక్యో నియమాల్లో 14వది, షరతు తప్పినంత మాత్రాన జైలు దానంతట అదే రాకూడదని చెబుతుంది. న్యూయార్క్ 2021 చట్టం కర్ఫ్యూ (ఫలానా వేళకల్లా ఇంట్లో ఉండాలన్న షరతు) తప్పడం లాంటి, కొత్త నేరం కాని సాంకేతిక ఉల్లంఘనల్లో చాలావాటికి జైలును తీసేసింది. చట్టంలో మెట్లు ఉండాలి: ముందు మాట్లాడాలి, తర్వాత హెచ్చరించాలి, ఆపై షరతు మార్చాలి. జైలు చివరి మెట్టు. దానికి ముందు వాదన వినిపించుకునే అవకాశం, లాయర్ సాయం ఉండాలి.

తప్పిన వెంటనే చిన్న శిక్ష వేస్తే దారికొస్తారంటారు. నిజమేనా?

2004లో హవాయిలో న్యాయమూర్తి స్టీవెన్ ఆమ్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. తప్పిన ప్రతిసారీ, వెంటనే, కొద్ది రోజుల జైలు. 2009లో వచ్చిన ఫలితాలు చాలా బాగున్నాయి, దాంతో చాలా చోట్ల అనుకరించారు. తర్వాత నాలుగు రాష్ట్రాల్లో జాగ్రత్తగా పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించినప్పుడు, మొత్తం మీద మామూలు పద్ధతికీ దీనికీ తేడా కనబడలేదు. ఒక చోట పనిచేసింది ఆ న్యాయమూర్తి శ్రద్ధ వల్లా, పద్ధతి వల్లా అని తేల్చుకోకుండా చట్టంలో పెట్టకూడదు.

విడుదలైనవాడు ఘోరం చేస్తే, వదిలిన అధికారిదే తప్పా?

ప్రతి దేశంలో చట్టాలు మారేది ఎక్కువగా ఇలాంటి ఘటన తర్వాతే. జపాన్‌లో 2004, 2005లో పర్యవేక్షణలో ఉన్నవాళ్లు చేసిన తీవ్ర నేరాలు దేశాన్ని కుదిపాయి. నిపుణుల సంఘం వేశారు, 1949, 1954 నాటి రెండు చట్టాలను కలిపి 2007లో కొత్త పునరావాస చట్టం చేశారు, అది 2008 జూన్‌లో అమల్లోకి వచ్చింది. కోపంలో ఒక్క రోజులో రాయకుండా సంఘం వేసి సమీక్షించడం మెచ్చుకోదగ్గ విషయం.

అధికారి నిర్లక్ష్యం చేస్తే బాధ్యత వహించాల్సిందే. కానీ శ్రద్ధగా నిర్ణయం తీసుకున్నాక కూడా కొన్నిసార్లు ఘోరం జరుగుతుంది. అలాంటప్పుడు అధికారిని బలిచేస్తే, తర్వాత ఏ అధికారీ ఎవరినీ విడుదల చేయడు, ఎవరి షరతునూ సడలించడు. అప్పుడు అందరూ శిక్ష పూర్తయ్యేదాకా లోపలే ఉండి, ఏ ఆసరా లేకుండా ఒక్కసారిగా బయటికొస్తారు. అది ప్రజలకు మరింత ప్రమాదం. ప్రతి తీవ్ర ఘటన మీద స్వతంత్ర సమీక్ష జరిపి నివేదిక బయటపెట్టడం చట్టంలో ఉంటే, కుటుంబాలకు జవాబు దొరుకుతుంది, వ్యవస్థ నేర్చుకుంటుంది.

## పర్యవేక్షణ ముగిశాక

ఉద్యోగానికి వెళ్తే పాత కేసు చెప్పాలా?

దేశాన్ని బట్టి ఉంటుంది. చెబితే ఏమవుతుందో మాత్రం తెలుసు. అమెరికాలోని మిల్వాకీలో సామాజిక శాస్త్రవేత్త దెవా పేజర్ చేసిన, 2003లో ప్రచురితమైన ప్రయోగంలో, ఒకే రకం అర్హతలున్న తెల్లజాతి యువకుల్లో రికార్డు లేనివారికి 34 శాతం, ఉన్నవారికి 17 శాతం చోట్ల మళ్లీ పిలుపు వచ్చింది. నల్లజాతి యువకులకు ఇవే లెక్కలు 14, 5 శాతం. అంటే రికార్డు లేని నల్లజాతి యువకుడికి కూడా రికార్డున్న తెల్లవాడి కన్నా తక్కువ పిలుపులు.

1998లో హవాయి, దరఖాస్తులోనే నేర చరిత్ర అడగకుండా, ఉద్యోగం ఇస్తామన్నాకే అడగాలని చట్టం చేసింది. బ్రిటన్‌లో 1974 నుంచి, నిర్ణీత కాలం మళ్లీ నేరం లేకుండా గడిస్తే పాత శిక్షను చాలా ఉద్యోగాలకు చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరులో ఆ కాలాన్ని ఇంకా తగ్గించారు. పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లాంటి వాటికి మినహాయింపు ఉంది, ఉండాలి కూడా.

ఎన్నేళ్లు గడిస్తే మామూలు మనిషిగా చూడొచ్చు?

దీనికి ఊహ అక్కర్లేదు, లెక్క ఉంది. పరిశోధకులు బ్లమ్‌స్టీన్, నాకమూరా 2009లో న్యూయార్క్ రికార్డులతో చూపినది ఇదీ: 18 ఏళ్లకు దోపిడీ కేసులో మొదటిసారి అరెస్టయినవాడు మళ్లీ ఏ కేసూ లేకుండా దాదాపు ఏడున్నరేళ్లు గడిపితే, అతను అరెస్టయ్యే అవకాశం అదే వయసు మామూలు వాళ్లతో సమానమవుతుంది. 2018లో పెన్సిల్వేనియా, దరఖాస్తు అక్కర్లేకుండా చిన్న నేరాల పాత రికార్డులను వాటంతట అవే మూసేసే, అంటే బయటివాళ్లకు కనబడకుండా చేసే చట్టం చేసిన మొదటి అమెరికా రాష్ట్రమైంది. దరఖాస్తు పెట్టుకోవాలంటే, లాయర్‌ను పెట్టుకోలేని పేదవాడే మిగిలిపోతాడు.

పాత వార్త ఇంటర్నెట్‌లో అలాగే ఉంటే?

1973లోనే జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఈ సమస్యను ఎదుర్కొంది. లేబాఖ్ హత్యల కేసులో సహాయపడినందుకు శిక్ష పడిన వ్యక్తి విడుదల దగ్గరపడుతుండగా, అతని పేరుతో ఒక టీవీ చానెల్ డాక్యుమెంటరీ వేయబోయింది. సమాజంలో తిరిగి కలిసే అవకాశం మనిషి గౌరవంలో భాగమంటూ కోర్టు దాన్ని ఆపింది. చరిత్రలో నమోదు ఉండాలి, పత్రికా స్వేచ్ఛా ఉండాలి. పేరు వెతికితే పదిహేనేళ్ల నాటి వార్త మొదట కనబడాలా అన్నదే అసలు ప్రశ్న. కనబడక్కర్లేదని నా ఉద్దేశం.

## చట్టం మార్చేటప్పుడు

భారతదేశంలో ఇప్పుడు ఏ చట్టాలున్నాయి?

1958 ప్రొబేషన్ చట్టం ముఖ్యమైనది. శిక్షకు బదులు మంచి నడవడిక బాండు మీద మూడేళ్ల వరకు విడుదల చేసే అధికారం కోర్టుకు ఇస్తుంది. 12వ సెక్షన్ ప్రకారం, ఇలా విడుదలైనవారికి ఆ దోషిత్వం వల్ల వచ్చే అనర్హత వర్తించదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టం విడుదలయ్యాక పునరావాసం గురించి మాట్లాడుతుంది, అయితే జైళ్లు రాష్ట్రాల పరిధిలోనివి కాబట్టి దాన్ని స్వీకరించడం రాష్ట్రాల ఇష్టం. ఏళ్ల తరబడి జైల్లో ఉండి బయటికొచ్చే మనిషి పట్ల ఎవరికి ఏ బాధ్యత ఉందో చెప్పే ఒక సమగ్ర కేంద్ర చట్టం లేదు. ఆ ఖాళీ పెద్దది.

ఈ పని ప్రైవేటు కంపెనీలకు ఇస్తే బాగుపడుతుందా?

ఇంగ్లండ్, వేల్స్ ప్రయత్నించాయి. తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవాళ్ల పర్యవేక్షణను 21 కంపెనీలకు అప్పగించి, ఫలితాలను బట్టి చెల్లింపు అన్నారు. ఒక్కో అధికారి మీద కేసులు పెరిగాయి, కొన్ని చోట్ల పర్యవేక్షణ ఫోన్ కాల్‌కు కుదించుకుపోయింది. ఆ నమూనా బాగుచేయలేనంత లోపభూయిష్ఠమని ప్రొబేషన్ ప్రధాన ఇన్‌స్పెక్టర్ 2019లో తేల్చారు. 2021 జూన్‌లో అంతా తిరిగి ప్రభుత్వ శాఖలోకి వచ్చింది. మధ్యలో వెళ్లిపోయిన అనుభవజ్ఞులైన అధికారులు మాత్రం అందరూ తిరిగి రాలేదు.

ముసాయిదా బిల్లు మీద ప్రజాభిప్రాయం అడిగితే ఏం చూసి రాయాలి?

ముందు ఆర్థిక పత్రం, అంటే బిల్లుతో పాటు ఇచ్చే ఖర్చుల అంచనా, చూడండి. ఒక్కో అధికారికి ఎన్ని కేసులో, ఇళ్లకూ చికిత్సకూ ఎంత డబ్బో లేకపోతే మిగతా సెక్షన్లు కాగితం మీదే ఉంటాయి. తర్వాత "చేయాలి" అన్న మాట ఎవరి మీద ఉందో లెక్కపెట్టండి. అన్ని బాధ్యతలూ విడుదలైన మనిషి మీదే ఉండి, ప్రభుత్వానికి "చేయవచ్చు" అని ఉంటే, ఆ తేడానే రాయండి. షరతు తప్పినప్పుడు ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని రోజుల్లో, అప్పీలు ఎక్కడ అన్నది వెతకండి. గడువుకు ముందే ముగించే సెక్షన్ ఉందా చూడండి.

సాధారణ అభిప్రాయం కన్నా, ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట తీసి ఈ మాట పెట్టండి అని రాస్తే కమిటీలు ఎక్కువగా పట్టించుకుంటాయి. మీరు మాజీ ఖైదీ అయినా, అతని తల్లి అయినా, బాధితురాలైనా ఆ సంగతి రాయండి. మీ పేరు బయటపెట్టొద్దని కోరే హక్కు ఉందేమో నోటీసులో చూసుకోండి. గడువు చివరి రోజు దాకా ఆగకండి, ఆన్‌లైన్‌లో పంపినా రసీదు దగ్గర ఉంచుకోండి.